మొసాకు గారి సంతాప సభ

ఆ బుధవారం కరుణ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున పదకొండింటికి తాత రాజలింగం క్యాంపస్‌కు వస్తాడు. చరిత్ర విభాగం సెమినార్ హాల్లో గోడంత తెర మీద ఇద్దరూ ఇరవై రెండు నిమిషాల జపాన్ బొమ్మల కథ ఒకటి చూస్తారు. తర్వాత తార్నాక చౌరస్తాలో అన్నం తింటారు. ఒంటిగంట నలభైకి సికింద్రాబాద్‌లో ప్యాసింజరు ఎక్కి తాత జనగామ వెళ్ళిపోతాడు. ఇందులో మూడో మనిషికి చోటు లేదు. మూడో మనిషితో మాట్లాడాల్సి వచ్చే పథకాలు కరుణ వేయదు.

ఐదేళ్ల కోర్సులో చేరి ఆమెకు పది నెలలైంది. ఈ పది నెలల్లో క్లాసులో ఆమె గొంతు వినిపించింది హాజరు పిలిచినప్పుడు మాత్రమే. అదీ మరీ మెల్లగా పలకడంతో పదకొండు రోజులు గైర్హాజరు పడింది. లేచి నిలబడి ఉన్నానని చెప్పుకోవడం కంటే లేనట్టు ఉండిపోవడమే ఆమెకు తేలికనిపించింది.

తాత కష్టం వేరు. ఆయన కళ్ళు పోతున్నాయి. సోమవారం పెద్ద కంటి ఆసుపత్రిలో డాక్టరు గంటసేపు పరీక్షలు చేసి, లోపలి నరం ఎండిపోతోందనీ, ఆపరేషన్‌తో లాభం లేదనీ, మిగిలిన చూపు ఆరు నెలలు ఉంటే ఎక్కువనీ చెప్పాడు. చుక్కల మందు రాసిచ్చాడు. ఆ మందు చూపు తేదు, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం తెస్తుంది.

ఆ సాయంత్రం లాలాగూడలో, తన తమ్ముడి కొడుకు ఇన్నయ్య ఇంట్లో, తాత మంచం మీద కూర్చుని చుక్కల మందు సీసాను తువ్వాలు కొంగున ముడేసుకున్నాడు. బయట సన్నగా వాన పడుతోంది. కరుణ వైపు తిరిగి అన్నాడు.

"చూసుడంటే అన్నీ చూసిన బిడ్డా. పంటలు చూసిన, కరువు చూసిన, మీ అవ్వ పోంగ చూసిన. గా మొసాకు సంగతొక్కటే తేలలే."

మొసాకు అంటే ఎవరో ఇన్నయ్యకు తెలియదు. కరుణకు తెలుసు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు, బడి నుంచి రాగానే తాతా మనవరాలూ చాప మీద కూర్చుని చూసిన సీరియల్ అది. జపాన్‌లో ఏదో చిన్న ఊళ్ళో మొసాకు అనే లావుపాటాయన స్నానాల ఇల్లు నడుపుతుంటాడు. ఆయన ఒకటి బాగు చేయబోతే రెండు విరుగుతాయి. వాళ్ళు చూసిన ఆఖరి భాగంలో మొసాకు కనబడకుండా పోయాడు. ఏట్లో ఆయన బూటు ఒకటి దొరికింది. మునిగిపోయాడని ఊరంతా తీర్మానించి, ఆయన ఫోటో పెట్టి, అగరొత్తులు వెలిగించింది. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. తిరిగి వచ్చినప్పుడు పెద్ద చప్పుడుతో వచ్చి టీవీని కాల్చేసింది. కొత్త టీవీ కొనే నాటికి ఆ సీరియల్ ఏ చానెల్‌లోనూ రావడం లేదు.

తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో రెండు అభిప్రాయాలు ఉండిపోయాయి. నవ్వించే సీరియల్లో మనిషిని చంపరని తాత అంటాడు. బూటు దొరికింది కదా అని కరుణ అంటుంది. ఆమె మొదటి నుంచీ అలాంటి పిల్లే.

ఆ భాగాన్ని హాస్టల్లో ఆమె గది పంచుకునే మనీషా సంపాదించింది. మనీషా వాళ్ళ అన్న చిన్నప్పుడు టీవీలో వచ్చినవన్నీ దాచుకునేవాడట. పెన్‌డ్రైవ్ మంగళవారం పొద్దునే చేతికొచ్చినా కరుణ దాన్ని తెరిచి చూడలేదు. తాత కంటే ముందు చూడటం అన్యాయమనిపించింది. ఫోన్‌లో చూపిద్దామంటే తాతకు ఫోనే సరిగా కనబడటం లేదు. "సినిమా హాలంత పెద్దగుంటె కనవడ్తదేమో బిడ్డా" అన్నాడాయన. అందుకే ఈ పథకం.

పొద్దున తొమ్మిదింటికి అటెండర్ నరహరి హాలు తాళం తీస్తుంటే కరుణ వెళ్ళి వెనక నిలబడింది. ఆయన తిరిగి చూసేదాకా నిలబడే ఉంది.

"హాలా? ఎవరికి కావాలె?"

"నాకు, మా తాతకు."

"ఇద్దరికా! గాడ రెండొందల కుర్చీలున్నయమ్మా." నరహరి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "హాలు గావాల్నంటే దరఖాస్తు పెట్టాలె. మూడు సంతకాలు గావాలె. హెడ్ మేడం ఢిల్లీల ఉన్నది. సోమవారం దాకా రాదు."

కరుణ కదలలేదు. అది పట్టుదల కాదు. మాట మధ్యలో ఎలా వెళ్ళిపోవాలో ఆమెకు తెలియదు. నరహరికి మాత్రం అది మొండి దుఃఖంలా కనిపించి ఏం జరిగిందని అడిగాడు. ఆమె నేల చూస్తూ తాత కళ్ళ గురించి, డాక్టరు మాట గురించి, కరెంటు పోవడం గురించి చెప్పింది. క్యాంపస్‌లో ఆమె మాట్లాడిన అతి పెద్ద ప్రసంగం అదే.

నరహరి వరండాలో అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒక దారున్నది. సంతాప సభకైతే సంతకాలక్కర్లేదు. రిజిస్టర్ల రాస్తే చాలు."

ఆ నియమం వెనక ఒక కథ ఉంది. వెనకటికి ఒక అధ్యాపకుడు పోతే ఆయన సంతాప సభ దరఖాస్తు మూడు సంతకాల కోసం తిరిగి తిరిగి, అనుమతి వచ్చేసరికి సంవత్సరీకం అయిపోయింది. ఆయన భార్య వచ్చి ఆఫీసులో కూర్చుని ఏడ్చింది. అప్పటి నుంచి చనిపోయినవాళ్ళకు సంతకాల బాధ తీసేశారు. అది బతికున్నవాళ్ళకు మాత్రమే మిగిలింది.

"మీ బొమ్మల కథల ఎవరన్న చచ్చిపోతరా?" నరహరి అడిగాడు.

"చచ్చిపోయిండో లేదో తెల్వదన్నా. గదే చూద్దామని."

"అయితే మనం అబద్ధం రాసినట్టు గాదు. అనుమానమైతే ఉన్నది గద. చాలు."

ఆయన రిజిస్టరు తెరిచాడు. దివంగతుల పేరు దగ్గర మొసాకు అనీ, ఊరు దగ్గర జపాన్ అనీ రాశాడు. చేసిన సేవలు అనే గడి దగ్గర కలం ఆగింది.

"ఏం జేస్తుండె ఆయన?"

"స్నానాల ఇల్లు నడుపుతడు. పొయ్యి బాగు చేస్తడు. గని అది పేలిపోతది."

నరహరి ఆలోచించి, 'ప్రజలకు వేడినీటి సౌకర్యం' అని రాశాడు. చదువుకుని తృప్తిగా తల ఊపాడు. "ఎవరూ రారు. మాకు రెండు నెల్లకొక సభ అయితది. పది మంది దాటరు. నేను తెర దించుత, నువ్వు చూపియ్యి, మీ తాతను బండెక్కియ్యి. అయిపాయె."

నియమంలోని రెండో సగం ఆయన మరిచిపోయాడు. రిజిస్టరులో పేరు ఎక్కితే ఆఫీసు గుమస్తా దాన్ని చూసి నోటీసు టైపు చేస్తాడు. నోటీసులో ఎప్పుడూ ఒకటే మాటలు ఉంటాయి, పేరు ఒక్కటే మారుతుంది. పదిన్నరకు నోటీసు బోర్డు మీద పడింది. ప్రముఖులు మొసాకు గారి మృతికి విభాగం తీవ్ర సంతాపం తెలుపుతోంది. పదకొండింటి నుంచి తరగతులు ఉండవు. గురువారం జరగాల్సిన ఇంటర్నల్ పరీక్ష వారం రోజులు వాయిదా.

మెట్ల కింద కరుణను మనీషా గట్టిగా వాటేసుకుంది.

"ఏంటే ఇది! ఒక్క బొమ్మతో పరీక్ష ఆపించావు. నువ్వు మామూలుదానివి కాదే!"

"ఆఫీసుకు పోయి చెప్తనే. తప్పైందని చెప్తా."

"నోరు తెరిచావంటే చంపేస్తా. నేనొక్క ముక్క చదవలేదు. నేనే కాదు, అరవై మంది చదవలేదు. ఆ నవ్వులు చూడు, వాళ్ళ ఉసురు పోసుకుంటావా?"

కరుణ చూసింది. వరండాలో అరవై మంది నిజంగానే చాలా రోజుల తర్వాత నవ్వుతున్నారు. నోటీసు ముందుకు వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరూ మొహాన్ని సంతాపానికి తగినట్టు సర్దుకుంటున్నారు. వాన పెద్దదైంది. మబ్బుకు వరండాలో పొద్దుటే దీపాలు వేశారు. ఆమెకు తన శవయాత్ర వెనక తానే నడుస్తున్నట్టు అనిపించింది.

పదకొండు కాకముందే విద్యార్థి నాయకుడు భూపాల్ తడుస్తూ వచ్చాడు. వెనక ఇద్దరు తార్నాకలో అప్పటికప్పుడు అచ్చు వేయించిన ఫ్లెక్సీ మోస్తున్నారు. విద్యార్థుల దుఃఖం ఏదైనా తమ సంఘానికి తెలియకుండా జరగకూడదని భూపాల్ సిద్ధాంతం. ఫ్లెక్సీ మధ్యలో భూపాల్ చేతులు జోడించి ఉన్నాడు. చుట్టూ సంఘం వాళ్ళు ఏడుగురు గుండ్రాల్లో ఉన్నారు. కింద ఒక మూల ఖాళీ గుండ్రం ఉంది. అందులో 'మొసాకు గారు, ఫోటో అందలేదు' అని రాసి ఉంది.

"ఆయన ఏ పార్టీ?" భూపాల్ నరహరిని అడిగాడు.

"పార్టీ లేదు. వేడినీళ్లు."

"గవర్నమెంటు హాస్టల్ల వేడినీళ్ళు వస్తలేవు. కరెక్ట్ మనిషి. మనోడే."

అలా మొసాకు గారు విద్యార్థుల వేడినీటి హక్కు కోసం పోరాడిన నేత అయ్యాడు. మిగతా రెండు సంఘాల వాళ్ళు, ఆయన ముందు నుంచీ తమవాడేనంటూ ఇంకో రెండు ఫ్లెక్సీలతో దిగారు. హాలు నిండింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. నరహరి తెచ్చిన బంతిపూల దండ వేయడానికి దివంగతుల ఫోటో లేకపోయింది. ఉన్నవాటిలో పెద్దది చూసి వేసేశాడు. ఆ సభ జరిగినంతసేపూ ఫ్లెక్సీ మీది భూపాల్ మెడలో దండతో, కింద తిరుగుతున్న భూపాల్‌కే నమస్కారం పెడుతూ నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఇన్నయ్య ఆటో గుమ్మం ముందు ఆగింది. తాత దిగాడు. తెల్ల ధోవతి, తెల్ల అంగీ, భుజం మీద తువ్వాలు. పది గంటల చుక్కల మందు వేసుకుని వచ్చాడు కనుక రెండు కళ్ళూ ధారగా కారుతున్నాయి. ఇన్నయ్య భుజం పట్టుకుని మెల్లగా మెట్లెక్కుతుంటే జనం వాళ్ళంతట వాళ్ళే దారి ఇచ్చారు.

"ఆయనకు దగ్గరోళ్ళా?" ఎవరో అడిగారు.

ఇన్నయ్యకు విషయం తెలియదు. ఇందాక దారిలో తాత మొసాకు గురించి చెప్పిందే తెలుసు. "చానా దగ్గర. రోజూ సాయంత్రం కలిసి కూసునేటోళ్లు" అన్నాడు.

హాల్లో గుసగుస పాకింది. మొదటి వరుసలోంచి ఆచార్య అచ్యుతరామయ్య గారు లేచారు. రిటైరై పన్నెండేళ్లు. తార్నాకలోనే ఇల్లు. క్యాంపస్‌లో జరిగే ఏ సంతాప సభనూ ఆయన తప్పించుకోలేదు, ఏ సంతాప సభా ఆయన్నుంచి తప్పించుకోలేదు. ఆయన తాత రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఊరుకోండి పెద్దాయనా. ఏం చేస్తాం చెప్పండి. మనం నిమిత్తమాత్రులం. రండి, మీరు పైన కూర్చోవాలి."

"బొమ్మ కనవడ్తదా ఆడికెళ్లి?" తాత అడిగాడు.

"ఆయన బొమ్మ మన కళ్ళలోంచి ఎక్కడికి పోతుందండీ!" అంటూ ఆచార్యులు తాతను వేదిక మీదికి నడిపించి, తెర పక్కనే కుర్చీ వేయించారు. ఆ కుర్చీ కింద నరహరి బొమ్మకోసమని సర్దిపెట్టిన చిన్న సౌండు డబ్బా ఉంది. హాలు స్పీకర్లు పాడై మూడేళ్లైంది.

కరుణ హాలు వెనక, కంప్యూటర్ బల్ల దగ్గర నిలబడి ఇదంతా చూసింది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. మైకు దాకా వెళ్ళి, ఇది తప్పు, క్షమించండి అనాలి. అంతే కదా, మూడు మాటలు. నడవా సగం దాటింది. ఎదురుగా భూపాల్ పూల పళ్ళెం తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"మంచిగొచ్చినవ్ చెల్లె. తలా రెండు పూలు పంచు."

ఆమె పంచింది. రెండొందల మందికి తలా రెండు పూలు పంచి, ఖాళీ పళ్ళెంతో మళ్ళీ వెనక్కి వచ్చి నిలబడింది.

అచ్యుతరామయ్య గారు పదకొండున్నరకు మైకు అందుకున్నారు. తాను ముప్పై ఏళ్ల కిందట జపాన్‌లో పది రోజులు ఉన్నానని మొదలుపెట్టారు. ఆ పది రోజులనూ రోజుకు ఆరేడు నిమిషాల చొప్పున వర్ణించారు. ఒక సాయంత్రం ఒక లావుపాటి మనిషి తనకు స్నానానికి వేడినీళ్ళు తోడి ఇచ్చాడనీ, ఆయన పేరు అడగడం ఆ రోజు తనకు తట్టలేదనీ, ఇవాళ ఈ నోటీసు చూశాక గుండె కలుక్కుమన్నదనీ చెప్పారు.

"ఆయనే అయి ఉండాలి. ఆ చేతుల్లో ఉన్న ఆప్యాయత మరొకరికి ఉండదు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అబద్ధం చెబుతున్నట్టు లేరు. ఆ క్షణానికి అది ఆయనకు నిజంగానే గుర్తొచ్చింది.

పన్నెండూ నలభై అయింది. బయట ఇన్నయ్య హారన్ కొట్టాడు. ఒంటిగంటకు బయల్దేరకపోతే బండి అందదు. ఇన్నయ్యకు మర్నాటి నుంచి పెళ్ళి కిరాయికి ఊరు వెళ్ళేది ఉంది, ఇంట్లో ఇంకెవరూ లేరు, తాత ఇవాళే పోవాలి. మళ్ళీ ఎప్పుడు వస్తాడు? వచ్చినా ఏం చూస్తాడు? కరుణ గోడ గడియారం చూసింది, పని లేకుండా పడి ఉన్న కంప్యూటర్ చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది. పక్కనున్న అమ్మాయి ఆమెకు చేతిరుమాలు ఇచ్చి, "చాలా మంచాయనట కదా" అంది.

"ఇప్పుడు వారి ఆప్తులు రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు ఆచార్యులు.

మైకు తాత నోటి ముందుకు వచ్చింది. తాత కళ్ళు తుడుచుకుని, జనం ఉన్నారనిపించిన వైపు మొహం తిప్పాడు. ఇప్పటిదాకా ఆయన ఓపికగా విన్నాడు. ఇక ఆగలేదు.

"అయ్యలారా, ఒక్క మాట అడుగుత. మొసాకు సచ్చిపోయిండని మీకెవరు జెప్పిన్రు?"

అందరి తలలూ వేదిక వైపు తిరిగాయి.

"బూటు దొరికిందంటరు. బూటు దొరికితె మనిషి సచ్చినట్టేనా? మా చెరువు కాడ రోజొక చెప్పు దొరుకుతది. అందరూ బతికే ఉన్నరు. పీనుగను చూసిన్రా మీరు? చూడలే. చూడకముందే దండేస్తరా? నేను నమ్మ. తొమ్మిదేండ్ల సంది నమ్మలే, ఇయ్యాల నమ్ముతనా?"

మూడో వరుసలో ఒక అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. భూపాల్ కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు. దుఃఖంలో మనిషి ఇలాగే అంటాడని అందరికీ తెలుసు. అచ్యుతరామయ్య గారు తాతను కౌగిలించుకుని, "తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నారట!" అని మైకులో గద్గదంగా అన్నారు.

"ఎదురుచూసుడే కదయ్యా. నా మనుమరాలు గూడ చూస్తున్నది. బొమ్మెప్పుడేస్తరు?"

అప్పుడు నరహరి, కనికరమో కంగారో, మైకు దగ్గరికి ఉరికాడు. "ఆఖరికి రెండు నిమిషాల మౌనం. అదే టైముల ఆయన జీవితం మీద చిన్న సినిమా" అన్నాడు. వెనక్కి తిరిగి కరుణకు సైగ చేశాడు.

రెండొందల మంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. తలలు వంచారు. కళ్ళు మూసుకున్నారు.

సైగ అందగానే, జనం లేచేలోపే కరుణ పెన్‌డ్రైవ్ పెట్టి, తెర మీద చూసుకుంటూ బొమ్మను అగరొత్తుల దగ్గరికి జరిపింది. ఇప్పుడు వదిలింది. అక్కడి నుంచి ఇంకా ఆరు నిమిషాలుంది. ఇక ఆమెకు తెర కనబడలేదు. ఆమె పొట్టిది, ముందు నిలబడ్డ వీపులన్నీ పొడుగువి. బల్ల మీద ఉన్న కంప్యూటర్ బొమ్మను పైకి మాత్రమే పంపుతుంది, దానికి వేరే తెర లేదు. కిటికీ బయట వరండా రేకుల మీద వాన దడదడ కొడుతోంది. ఆ మోతలో ఆమెకు ఒక్క మాటా వినబడలేదు. రెండు నిమిషాలు దాటింది. సినిమా ఆగనిదే మౌనం ముగించడం బాగుండదని భూపాల్ కదలలేదు. భూపాల్ కదలనిదే ఎవరూ కదల్లేదు. విశ్వవిద్యాలయం చరిత్రలో అంత పొడవైన మౌనం ఎవరూ పాటించలేదు.

నాలుగో నిమిషంలో వేదిక దగ్గర ఎవరో తుమ్మారు. ఒకటి, రెండు, మూడు. అచ్యుతరామయ్య గారు కళ్ళు తెరవకుండానే చిరాగ్గా నుదురు చిట్లించారు. భూపాల్ ఓరగా చూసి, మొదటి వరుసలో జలుబుతో ఉన్న కుర్రాడి కాలు తొక్కాడు.

అంతలో తాత రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆయన భుజాలు అదిరిపోతున్నాయి. ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. గొంతులోంచి ఏదో వింత శబ్దం వస్తోంది.

"తట్టుకోలేకపోతున్నారు. నీళ్ళు! నీళ్ళు తెండి!" ఆచార్యులు కేకేశారు.

మౌనం విరిగింది. నలుగురు తాతను పొదివి పట్టుకున్నారు. ఒకరు గొడుగు పట్టారు. ఇద్దరు గాలి విసిరారు. భూపాల్ స్వయంగా ఆటో దాకా నడిపించి, ఇన్నయ్యతో "జాగ్రత్తగ తీస్కపో అన్నా. మేమున్నమని చెప్పు" అన్నాడు. కరుణ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆటోలో తాత పక్కన కూలబడింది. ఎవరినైనా తోసుకుని రావడం ఆమెకు అదే మొదటిసారి. వెనక హాల్లో బొమ్మ ఖాళీ కుర్చీలకు ఆడుతూనే ఉంది.

ఆటో తార్నాక ఫ్లైఓవర్ కింద వాన నీళ్ళలో నెమ్మదిగా పోతోంది. తాత తువ్వాలుతో మొహం కప్పుకుని ఇంకా వణుకుతున్నాడు. కరుణ ఆయన చేయి పట్టుకుంది.

"ఏడువకు తాతా. అంతా నాతోనే అయింది."

తాత తువ్వాలు తీశాడు. ఆయన ఏడవడం లేదు. దవడలు నొప్పి పుట్టేలా నవ్వుతున్నాడు.

"కనవడ్డదా తాతా? మంచిగ కనవడ్డదా?"

నవ్వు మెల్లగా తగ్గింది.

"లేదు బిడ్డా. తెల్లగ కొట్టింది, గంతే. సున్నమేసిన గోడ తీరు. ఎంత పెద్దగుంటె ఏముంది, ఇగ ఈ కండ్లతోని అయ్యేటిది గాదు."

కరుణ తువ్వాలు అంచుతో ఆయన చెంపలు తుడిచింది. ఇన్నయ్య వెనక్కి చూడటం మానేసి బండి నడిపాడు.

"మరి ఎందుకు నవ్వినవ్?"

"తుమ్మిండు గద!" తాత ఆమె చేయి నొక్కాడు. "మొసాకు తుమ్ము నేను గుర్తుపట్టనా? అగరొత్తి పొగ వాని ముక్కుకు పడది. దొంగచాటుగ ఏడనో కూసోని తన సావు తానే చూస్తున్నడు వాడు. పొగ తగిలింది, తుమ్మిండు. మూడుసార్లు తుమ్మిండు బిడ్డా, నా కుర్చీ కిందనే! సచ్చినోడు తుమ్ముతడా?"

"నాకు వినవల్లే."

"ఎట్లినవడ్తది, నువ్వు దూరమున్నవ్. నాకైతే సూది కిందవడ్డా ఇనవడేటట్టున్నది. అంతమంది ఊపిరి బిగవట్టి నిలవడ్డరు. మంచోళ్ళు బిడ్డా మీ కాలేజోళ్ళు. నా అసొంటోని కోసం గంత సేపు సప్పుడు జెయ్యకుంట ఎవరు నిలవడ్తరు?"

తొమ్మిదేళ్ల వాదంలో తాను ఓడిపోయినట్టు కరుణకు అప్పుడు తట్టింది. ఆమె కిటికీ వైపు మొహం తిప్పుకుంది. ఈసారి ఏడుపు నిజమైనదే, కానీ అది ఎందుకో ఆమెకు స్పష్టంగా తెలియలేదు. ఒంటిగంట ముప్పై ఐదుకు వాళ్ళు స్టేషన్ చేరారు. తాత రైలు పెట్టె మెట్టు మీద కాలు పెట్టబోయి ఒకసారి గాల్లో తడిమాడు. కరుణ ఆయన కాలు పట్టి మెట్టు మీద పెట్టింది. బండి కదిలేటప్పుడు ఆయన ఆమె లేని వైపు చేయి ఊపాడు. ఆమె పరుగెత్తి ఆ వైపుకు వెళ్ళి నిలబడింది.

మర్నాడు ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. తాత కళ్ళు లేకుండానే నిజం పట్టుకున్నప్పుడు, తాను నోరుండి చెప్పకపోవడం సిగ్గుచేటు. అచ్యుతరామయ్య గారు స్టాఫ్ గదిలో నలుగురు అధ్యాపకులతో కూర్చుని టీ తాగుతున్నారు. ఆమె లోపలికి వెళ్ళి, తలెత్తి, గది మొత్తానికి వినబడేలా చెప్పింది.

"సార్, మొసాకు గారు చనిపోలేదు సార్. బతికే ఉన్నారు."

టీ కప్పులు ఆగిపోయాయి. అచ్యుతరామయ్య గారు కప్పు కింద పెట్టి ఆమె వైపు చూశారు. ఆయన కళ్ళు మెల్లగా చెమర్చాయి.

"నిజం చెప్పావమ్మా. అలాంటివాళ్ళకు చావేమిటి? నిన్న గంటసేపు మాట్లాడానుగానీ ఈ ఒక్క మాట నాకు తట్టలేదు చూశావా!" ఆయన పక్కనున్నవాళ్ళ వైపు తిరిగారు. "వచ్చే నెల సంస్మరణ సభ ఎలాగూ పెట్టుకుంటున్నాం కదండీ. ఈ అమ్మాయి చేత మాట్లాడిద్దాం."

పది నెలల్లో మొదటిసారి గొంతెత్తి నిజం చెప్పినందుకు కరుణకు ఆ సభలో ఇరవై నిమిషాలు కేటాయించారు.